ఇంట్లో పిల్లిలా ఉంటుంది, మేక కనిపిస్తే ఆగదు: ముధోల్ క్రాస్‌తో ఎలా?

ఆదోని_పత్తిచేను
మా కుక్క పేరు మెరుపు. ఆడది, రెండేళ్ళు నిండాయి. తల్లి ముధోల్ జాతి వేటకుక్క, మా మేనమామ బాగల్‌కోట వైపు పోయినప్పుడు తెచ్చుకున్నది. తండ్రి ఊరకుక్క. ఎత్తూ నడుమూ తల్లివే, తోక మాత్రం తండ్రిలా మెలి తిరిగి ఉంటుంది. ఇంట్లో ఉంటే ఉందో లేదో కూడా తెలియదు. మంచం కింద ముడుచుకుని పడుకుంటుంది. మా పాప చెవులు పట్టి లాగినా కళ్ళు మూసుకుని ఊరుకుంటుంది.

పోయిన ఆదివారం పొద్దున చేను గట్టు మీద వదిలాను. రోజూ వదిలే చోటే. పక్క బీట్లోకి మేకలు వచ్చాయి, అందులో ఒక పిల్ల గంతేసింది. నేను నోరు తెరిచేలోపే ఇది అక్కడుంది. పిల్లకు తొడ చీలింది, రెండో రోజు పోయింది. 6,500 కట్టాను. డబ్బు సంగతి కాదు. ఆ మేకలాయన ముసలాయన, పిల్లను ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద అలాగే కూర్చున్నాడు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మా నాయన గొలుసేసి కట్టెయ్యమంటాడు. మామ తిరిగి ఇచ్చెయ్యమంటాడు. ఊళ్ళో ఒకాయన చచ్చిన పిల్లను కుక్క మెడకు కట్టి రెండు రోజులు ఉంచితే బుద్ధొస్తుందన్నాడు. ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందని ఇంకొకరు. ఇలాంటి కుక్కల్ని సాకినవాళ్ళు చెప్పండి, ఇది మారుతుందా? దీన్ని వదులుకోవడం నావల్ల కాదు.

నల్గొండ_నాటుకోడి
మారదు. మా కారవాన్ క్రాస్, అదీ ముధోల్ లాంటి వేటకుక్కే, ఏడాదిలో పదకొండు కోళ్ళను తిన్నది. తిన్నదంటే తినలేదు, చంపి పక్కన పెట్టేది. ఇప్పుడు గొలుసే.

హైదరాబాద్_రెండోఅంతస్తు
రోజంతా గొలుసు వేస్తే దాని కాళ్ళల్లో ఉన్న పరుగు ఎటు పోతుంది అన్నా? విప్పిన రోజు ఇంకా ఎక్కువ చేస్తుంది. నా దగ్గర ఫ్లాట్లో ముధోల్ ఉంది, నాలుగేళ్ళు. పొద్దున అయిదింటికి నలభై నిమిషాలు, సాయంత్రం అరగంట. మిగతా టైమంతా సోఫా దానిదే, మేం కింద కూర్చుంటాం.

పశువుల_డాక్టర్
@ఆదోని_పత్తిచేను ముందు ఆ మెడకు కట్టే పని మాత్రం చేయకు తమ్ముడూ. కుక్క గతంలో చేసినదానికీ ఇప్పుడు మెడలో కుళ్ళుతున్నదానికీ ముడి పెట్టుకోలేదు. దానికి మిగిలేది భయం, నీకు మిగిలేది కంపు. పురుగు పట్టి మెడ పుండైన కుక్కల్ని నేను చూశాను.

ఆపరేషన్ గురించి: ఎదకొచ్చినప్పుడు పారిపోవడం, ఈనడం, గర్భసంచిలో చీము పట్టడం, వీటికి ఆపరేషన్ మంచిదే. వేట బుద్ధికి మాత్రం దాంతో సంబంధం లేదు. చేయించాక కూడా మేక పరిగెత్తితే ఇదీ పరిగెత్తుతుంది.

నువ్వు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. వాసన పట్టి పోయే కుక్క వేరు, కంటితో చూసి పోయే కుక్క వేరు. వాసన కుక్క ముక్కు నేలకు పెట్టి తిరుగుతుంది, నీకు టైం దొరుకుతుంది. చూపు కుక్కకు కదలికే పిలుపు. నిలబడి మేస్తున్న మేకను అది పట్టించుకోకపోవచ్చు, గంతేసిన మేకను వదలదు. నువ్వు రాసిన దాంట్లోనే ఉంది చూడు, 'ఒక పిల్ల గంతేసింది' అని. దాని తప్పని కొడితే దానికేమీ అర్థం కాదు. ఎన్నో తరాలు మనిషే దాన్ని ఆ పనికి ఎంచి ఎంచి పెంచాడు.

ఆదోని_పత్తిచేను
డాక్టర్ గారూ, మీరన్నది నిజమే. అదే మందలోంచి రోజూ నడుచుకుంటూ పోయేది, ఎప్పుడూ ఏమీ అనలేదు. అందుకే ధైర్యంగా వదిలాను.

యార్క్‌షైర్_కోడలు
నేను ఇంగ్లండ్‌లో పల్లెటూళ్ళో ఉంటాను, పుట్టిల్లు అనంతపురం. మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి లర్చర్, ఒకటి బోర్డర్ టెర్రియర్ అనే చిన్న వేటకుక్క. లర్చర్ అంటే ఏదో ఒక జాతి అనుకునేదాన్ని పెళ్ళై వచ్చిన కొత్తలో. కాదు. గ్రేహౌండో విప్పెటో, అలాంటి చూపు కుక్కను కోలీతోనో టెర్రియర్‌తోనో దాటించి తీసిన క్రాస్. కావాలనే క్రాస్ చేస్తారు. పరుగు గ్రేహౌండ్‌ది, మాట వినే బుద్ధి గొర్రెల కాపరి కుక్కది. కుక్కల జాతుల్ని నమోదు చేసే ఇక్కడి కెన్నెల్ క్లబ్ దాన్ని జాతిగా గుర్తించలేదు, సాకేవాళ్ళు గుర్తించమని అడగరు కూడా. కాబట్టి మీ మెరుపు తోక మెలి తిరిగిందని చిన్నబుచ్చుకోకండి. ఇక్కడైతే దాన్ని లర్చర్ అనే అంటారు.

మా ఊరు మొత్తం గొర్రెలే. ఇక్కడ కుక్క గొర్రెల మీద పడితే సొంతదారు మీద కేసు పెట్టడానికి 1953 నుంచే చట్టం ఉంది. మందను చెదరగొడుతున్న కుక్కను ఆపడానికి వేరే దారి లేకపోతే రైతు కాల్చేసినా, 48 గంటల్లో పోలీసులకు చెప్తే చాలు, 1971 చట్టం అతని వైపే నిలుస్తుంది. మొదటి రోజే మా పక్కింటి రైతు మా ఇంటికొచ్చి, టీ తాగి, చాలా మర్యాదగా ఈ మాట చెప్పి వెళ్ళాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే నేను నేర్చుకున్నవన్నీ రాస్తాను, ఇప్పుడు పిల్లల్ని బడికి దింపి వస్తా.

మందకాపరి
మాది మడకశిర. మా ఇంట్లో మూడు తరాలుగా గొర్రెలే. ఒక్క మాట డాక్టర్ గారికి అడ్డం చెప్తాను, ఏమనుకోవద్దు. మారదు అనడం తప్పు. మా మందలో ముధోల్ రక్తం ఉన్న కుక్కలు రెండున్నాయి, రాత్రిపూట గొర్రెపిల్లలు వాటి మీద పడుకుంటాయి.

కిటుకు వయసులో ఉంది. కళ్ళు తెరిచినప్పటి నుంచి గొర్రెల మధ్యే ఉండాలి. నెలన్నర, రెండు నెలల కూనప్పుడు పొట్టేలు ఒకసారి పొడిచిందంటే దానికి జీవితాంతం గుర్తుంటుంది. అది గొర్రెను తన ఇంటిదే అనుకుంటుంది. రెండేళ్ళు ఇంట్లో పెంచి ఆ తర్వాత మంద చూపిస్తే మాత్రం మారడం కష్టమే, ఆ సంగతి ఒప్పుకుంటా.

పశువుల_డాక్టర్
@మందకాపరి అడ్డం ఏమీ లేదన్నా, నువ్వు చెప్పిందే కరెక్టు. మూడు వారాల నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా కూన బుర్ర తెరుచుకుని ఉంటుంది. అప్పుడు కలిసినవాళ్ళంతా చుట్టాలే. నేను ఈ కుక్క గురించే అన్నాను. ఒక్కటి అడుగుతాను, మీ రెండు కుక్కలూ పక్క ఊరి మందను కూడా అలాగే చూస్తాయా?

మందకాపరి
చూడవు. పక్క మంద వస్తే మేమూ పట్టుకునే ఉంటాం.

నల్గొండ_నాటుకోడి
అదీ సంగతి. 'మారదు' అన్నందుకు నన్ను అందరూ తిట్టుకున్నారు, చివరికి అక్కడికే వచ్చారు.

హైదరాబాద్_రెండోఅంతస్తు
ఎవరూ తిట్టలేదు అన్నా 😄 గొలుసు ఒక్కటే దారి అన్నావు చూడు, గొడవ దాంతోనే.

యార్క్‌షైర్_కోడలు
వచ్చాను. ఇక వినండి.

కుక్క పరిగెత్తాక పిలవడం దండగ. అప్పటికి దానికి చెవులు పనిచేయవు. పరిగెత్తే ముందు ఒక క్షణం ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. నాకిది ఇక్కడ టెర్రియర్లను సాకే ముసలాయన ఒకరు నేర్పారు. నడుస్తున్నప్పుడు కుక్క నోరు తెరిచి వగరుస్తూ ఉంటుంది కదా, నాలుక పక్కకు వేలాడుతూ. ఏదైనా కంటపడగానే ఆ నోరు టక్కున మూసుకుంటుంది. ఊపిరి బిగబడుతుంది. తల అంగుళం పైకి లేస్తుంది, చెవులు నిక్కపొడుచుకుంటాయి, తొడ మీద చర్మం సన్నగా వణుకుతుంది. అదంతా ఒక సెకనే, రెండు సెకన్లే. ఆ నోరు మూతపడ్డ క్షణంలో పిలిస్తే మా లర్చర్ బిజిలీ వింటుంది. తొడ వణికాక పిలిస్తే వినదు. నేను మూడు నెలలు దాని నోటినే చూస్తూ నడిచాను, ఎదురొచ్చినవాళ్ళ మొహాలు కూడా చూడలేదు.

పిలిచి, వచ్చాక ఏమిస్తావనేది రెండోది. బిస్కెట్టుకు రాదు. మేకను వదులుకుని వచ్చిందంటే దానికి తగ్గది ఉండాలి. నేను ఉడికించిన లివర్ ముక్కలు డబ్బాలో పెట్టుకుంటాను, అవి ఆ పిలుపుకు తప్ప ఇంక దేనికీ ఇవ్వను. పిలుపు కూడా వేరే పెట్టుకున్నాను. పేరు కాదు, విజిల్. పేరు రోజుకి వందసార్లు పిలుస్తాం, అరిగిపోతుంది.

ఆదోని_పత్తిచేను
అక్కా, నోరు మూతపడటం! మీరు రాసింది చదివి లేచి వెళ్ళి చూశాను. గోడ మీద ఉడుత. వగరుస్తున్నది వగరుస్తున్నట్టే నోరు మూసింది. రెండేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది, నేను చూడనే లేదు.

కొత్తగా_చేరా
షాక్ కాలర్ వాడితే? ఆన్‌లైన్లో 2,000కే ఉన్నాయి.

హైదరాబాద్_రెండోఅంతస్తు
వద్దు. మా కాంప్లెక్స్‌లో ఒకరు వాడారు. షాక్ కొట్టినప్పుడు దాని ఎదురుగా సైకిల్ మీద చిన్నపిల్లాడు ఉన్నాడు. ఆ రోజు నుంచి సైకిల్ కనిపిస్తే అరుస్తుంది.

యార్క్‌షైర్_కోడలు
వేల్స్‌లో 2010 నుంచే షాక్ కాలర్లు నిషేధం. పైగా చూపు కుక్క మెడ మీద వెంట్రుక పొట్టి, చర్మం కాగితంలా పలచన. షాక్ కాలర్‌కు ఉండే ఆ రెండు మొనలు ఎక్కడ గుచ్చుకుంటాయో ఆలోచించండి.

పశువుల_డాక్టర్
చర్మం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఈ కుక్కలకు దెబ్బ తగిలితే గీత పడదు, బట్ట చిరిగినట్టు చిరుగుతుంది. పొలం చుట్టూ ముళ్ళతీగ ఉంటే ఆ చోట అసలు వదలొద్దు. పరుగులో అవి తీగను చూడవు, అవతల ఉన్నదాన్ని చూస్తాయి. అడుగున్నర పొడవు చీలికకు కుట్లు వేసిన రోజులున్నాయి.

వేటగాడు77
ఇదంతా ఎందుకు? దాని పని దాన్ని చేయనివ్వండి. వారానికి ఒకసారి రాత్రి లైటు పట్టుకుని కుందేళ్ళకు తీసుకుపోతే దాని ఆకలి తీరుతుంది, మేకల జోలికి రాదు. మాకు ఆలూరు దగ్గర మంచి చోట్లున్నాయి, కావాలంటే నంబరు ఇస్తా.

మందకాపరి
తీరదు సామీ, పెరుగుతుంది. పట్టిన రుచి మరిగిన కుక్క మందకు పనికిరాదని మా తాత మూడు కుక్కల్ని వేరేవాళ్ళకి ఇచ్చేశాడు.

పశువుల_డాక్టర్
అది నేరం కూడా. చెవులపిల్లిని వలతో పట్టినా కుక్కతో పట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద వేటే. ఉడుమైతే ఇంకా పెద్ద కేసు. కుక్కను కూడా సాక్ష్యంగా పట్టుకుపోతారు.

వేటగాడు77
మా తాతల నుంచీ ఉన్న అలవాటు. ఇంగ్లండ్‌లో రాజులు చేస్తే ఆట, మేం చేస్తే నేరమా?

యార్క్‌షైర్_కోడలు
ఇంగ్లండ్‌లో కూడా నేరమే అన్నా. కుందేళ్ళ మీద జత కుక్కల్ని వదిలే పోటీ, వాటర్లూ కప్ అని లివర్‌పూల్ దగ్గర జరిగేది, 1836లో మొదలైంది. 2005 ఫిబ్రవరిలో ఆఖరుది. అదే నెలలో 2004 నాటి వేట చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పొలంవాడి అనుమతితో ఎలుకలకూ, బొరియ కుందేళ్ళకూ కుక్కల్ని వాడొచ్చు. పొలాల కుందేలు వేరు, దాని జోలికి పోకూడదు. రాత్రిపూట పంట పొలాల్లోకి కార్లు ఎక్కించి లర్చర్లతో వేటాడే ముఠాల వల్ల, మాలాంటి వాళ్ళం లర్చర్‌ని కారులో ఎక్కించినా పోలీసులు అనుమానంగా చూస్తారు.

నిర్వాహకురాలు
@వేటగాడు77 వేట చోట్లు, నంబర్లు ఇక్కడ ఇవ్వకండి. ఇంకోసారి ఇస్తే పోస్టు తీసేస్తాను. అలవాటు గురించి మాట్లాడటానికి అభ్యంతరం లేదు.

కొల్లేటిగట్టు
అందరూ ముధోల్, కారవాన్ అంటున్నారు, మన సొంత కుక్కని మరిచిపోయారు. జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల పుట్టింది. పొట్టి వెంట్రుక, నుదుటి మీద ముడతలు, ఒళ్ళు నిగనిగ. బాతుల మందల్ని కాసేది. మొరగదు, పాట పాడినట్టు కూస్తుంది. గుంత తవ్వుకుని అందులో పడుకుంటుంది. మా తాత దగ్గర ఉన్న జోనంగి వందల బాతుల మధ్య నుంచి నడిచిపోయేది, ఒక్క ఈక రాలేది కాదు. అదే కుక్క చేలో ఎలుక కనిపిస్తే వదిలేది కాదు. బాతు మనది, ఎలుక మనది కాదు, అంతే దాని లెక్క. చేపల చెరువులొచ్చాక బాతులు తగ్గాయి, జోనంగులూ తగ్గాయి. అచ్చమైన జోనంగి ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి. ఏళ్ళ తరబడి వెతుకుతున్నాను.

మందకాపరి
చూశారా, బాతులతోనూ అదే. కూనప్పుడే.

రైస్‌మిల్లు_తణుకు
ఎలుకల మాట వచ్చింది కదా. మా మిల్లులో టెర్రియర్ క్రాస్ ఉంది, పేరు బుల్లోడు, ఏడు కిలోలు. తల్లి జాక్ రస్సెల్. పందికొక్కులు బస్తాలు కొరికి పారేసేవి, మందు పెట్టి విసిగిపోయాం. బుల్లోడు వచ్చాక గోడౌన్‌లో రాత్రిపూట అలికిడే లేదు. పట్టడం కూడా ఒక ఒడుపు. మెడ దగ్గర పట్టి రెండు సార్లు విదిలిస్తాడు, అయిపోతుంది. తర్వాత దాని వంక చూడడు, రెండో బొక్క దగ్గరికి పోయి చెవి పెట్టి వింటాడు. ఒకసారి గంటన్నర కదలకుండా నిలబడ్డాడు. మా హమాలీలు భోజనానికి పోయి వచ్చినా అక్కడే, ముందు కాలు ఒకటి గాల్లో ఎత్తి అలాగే.

మీ చూపు కుక్క అయిదు నిమిషాలు పరిగెత్తి రోజంతా పడుకుంటుంది. మా వాడు రోజంతా పని చేసి రాత్రి కూడా పని వెతుకుతాడు. ఇల్లంతా తవ్వేశాడు. మా ఆవిడ తులసికోట మూడు సార్లు కట్టించింది.

యార్క్‌షైర్_కోడలు
మా బోర్డర్ కూడా అంతే! ఇక్కడ రెంటినీ కలిపి పెంచేది అందుకే. టెర్రియర్ పొదలోకి దూరి కదిలిస్తుంది, లర్చర్ బయట నిలబడి బయటకొచ్చినదాన్ని అందుకుంటుంది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుని పని చేస్తాయి.

పశువుల_డాక్టర్
@రైస్‌మిల్లు_తణుకు బుల్లోడికి లెప్టో టీకా ఏటా వేయిస్తున్నావా? ఎలుక మూత్రంతో వచ్చే జబ్బది, కాలేయం, కిడ్నీలు పోతాయి, కుక్క నుంచి మనుషులకూ రావచ్చు. మూతి మీద ఎలుక కాటు చిన్నదైనా కడుగు. ఇంకోటి, మిల్లులో గానీ పక్క చేలల్లో గానీ ఎలుకల మందు పెడితే ఏ మందో తెలుసుకో. బ్రోమాడియోలోన్ అయితే మూడు నాలుగు రోజుల తర్వాత నెత్తురు కారడం మొదలవుతుంది, దానికి విటమిన్ కె1 ఉంది. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. మందు తిన్న ఎలుకను తిన్నా కుక్కకు ప్రమాదమే.

రైస్‌మిల్లు_తణుకు
లెప్టో వేయిస్తున్నానండి. మందు మాత్రం పక్క చేనువాళ్ళు పెడుతున్నారేమో అడగలేదు. ఈ రోజే అడుగుతా.

కొత్తగా_చేరా
నాకు ముధోల్ కూన కావాలి. వాట్సాప్‌లో ఒకాయన సర్టిఫికెట్‌తో ఇస్తానంటున్నాడు. నమ్మొచ్చా?

హైదరాబాద్_రెండోఅంతస్తు
తల్లిని చూపించమను. చూపించకపోతే వదిలెయ్యి. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడుగు. 2005లో తపాలా శాఖ మన కుక్కల మీద నాలుగు స్టాంపులు వేస్తే అందులో ముధోల్ ఒకటి. 2016లో సైన్యం మీరట్‌లో వీటికి శిక్షణ మొదలుపెట్టింది. 2020లో ప్రధాని రేడియోలో పేరెత్తాక గిరాకీ పెరిగింది, దాంతో సన్నగా ఉన్న ప్రతి కూననీ ముధోల్ అని అమ్మేస్తున్నారు. ఇంకో సంగతి, రోజుకు గంట దానితో తిరగలేకపోతే తెచ్చుకోకు. ఇది కోపంతో అనడం లేదు.

కొత్తగా_చేరా
ఇక్కడ చదివిన తర్వాత ఆలోచిస్తున్నా అన్నా. ఇంకా అడ్వాన్స్ కట్టలేదు.

ఆదోని_పత్తిచేను
ఒక డౌటు. మా దాని పక్కటెముకలు కనిపిస్తాయి. 'పాపం కుక్కకు తిండి పెట్టరా' అని వీధిలో అందరూ అడుగుతారు. మా అమ్మకు ఆ మాట పడదు, రాగి సంకటిలో నెయ్యి వేసి రెండు ముద్దలు ఎక్కువ పెడుతోంది.

యార్క్‌షైర్_కోడలు
అయ్యో ఇక్కడా అదే! పార్కులో ఒక పెద్దావిడ తన శాండ్‌విచ్ మా బిజిలీకి పెట్టి, నన్ను జాలిగా చూసి వెళ్ళింది.

పశువుల_డాక్టర్
వెనక రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొసలు కనిపిస్తే అదే సరైన బరువు. వెన్నెముక మొత్తం రంపంలా కనిపిస్తే అప్పుడు చిక్కినట్టు. సంకటి మానొద్దు గానీ దాంతోపాటు గుడ్డో, ఎముక తీసిన చికెనో ఉండాలి. పరుగుకు ముందు గంటా, తర్వాత గంటా ఏమీ పెట్టొద్దు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలి తిరగొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది.

హైదరాబాద్_రెండోఅంతస్తు
ఎండ గురించి కూడా చెప్పండి డాక్టర్ గారూ. మా దానికి పోయిన ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిదింటికే పడిపోయినంత పనైంది.

పశువుల_డాక్టర్
ఎనిమిది చాలా ఆలస్యం. మార్చి నుంచి సూర్యుడు రాకముందే పరుగు అయిపోవాలి. పరుగులో ఒళ్ళు ఎంత వేడెక్కుతుందో పైకి తెలియదు, అది తనంతట తాను ఆగదు. పడిపోతే ముందు ఒళ్ళంతా నీళ్ళు పోసి గాలి తగిలేలా చేసి, అప్పుడు ఆసుపత్రికి. తడి గోనెపట్టా కప్పి ఉంచేస్తే లోపలి వేడి బయటకు పోదు.

మందకాపరి
@ఆదోని_పత్తిచేను ఇప్పుడు ఏం చేస్తున్నావో చెప్పు తమ్ముడూ. అందరం మాట్లాడుతున్నాం, నీ సప్పుడు లేదు.

ఆదోని_పత్తిచేను
చేస్తున్నా అన్నా. మా చేను పక్కన పాత జిన్నింగ్ మిల్లు స్థలం ఉంది, చుట్టూ ఎత్తైన గోడ. సొంతదారుని అడిగితే పొద్దున ఒక గంట తాళం ఇస్తానన్నాడు. అక్కడ వదులుతున్నా. బయట మాత్రం తాడుతోనే. పదిహేను మీటర్ల నైలాన్ తాడు కొన్నాను, కాలర్‌కు కట్టాను.

యార్క్‌షైర్_కోడలు
కాలర్‌కు వద్దు! పదిహేను మీటర్లలో అది చాలా వేగం అందుకుంటుంది. తాడు చివర మెడ మీద ఆగితే మెడ విరగొచ్చు. ఛాతీకి వేసే హార్నెస్ కొను, తాడు అయిదు మీటర్లు చాలు. నైలాన్ అరచేతిని కోసేస్తుంది, నూలు తాడు తీసుకో. మామూలు నడకకు వెడల్పాటి మార్టింగేల్ కాలర్, లాగితే కొద్దిగా బిగుసుకునేది. వీటికి తల కంటే మెడ లావు, మామూలు బెల్టు వెనక్కి లాగితే ఊడొస్తుంది.

ఆదోని_పత్తిచేను
ఇప్పుడే విప్పేశా అక్కా. మీరు చెప్పకపోతే రేపే ఏదో అయ్యుండేది.

నల్గొండ_నాటుకోడి
గోడ ఉన్న స్థలం మంచి ఆలోచన తమ్మీ. మా ఊళ్ళో పాత స్కూల్ గ్రౌండ్ ఉంది, సర్పంచ్‌ని అడుగుతా. మా దాన్ని విప్పి ఏడు నెలలైంది. రాస్తుంటే నాకే బాధగా ఉంది.

హైదరాబాద్_రెండోఅంతస్తు
అడుగు అన్నా. మొదటి రోజు వీడియో పెట్టు.

ఆదోని_పత్తిచేను
అయిదు వారాలైంది, సంగతులు రాస్తున్నా.

విజిల్, లివర్ ముక్కలు, హార్నెస్. మొదటి రెండు వారాలు గోడ లోపలే. ఒకసారి విజిల్, ఒక ముక్క, రోజుకు పదిసార్లు. మూడో వారం తాడుతో బీటికి తీసుకుపోయా. మేకలు ఎంత దూరంలో ఉంటే నోరు మూయకుండా ఉండగలదో కొలిచాను. మొదట్లో నూట యాభై అడుగులు. ఇప్పుడు అరవై.

పోయిన గురువారం ఒక పిల్ల గంతేసింది. నోరు మూతపడింది. విజిల్ వేశా. అది మేకను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ మేకను చూసింది. వెనక్కి వచ్చింది. డబ్బాలో ఉన్న ముక్కలన్నీ ఇచ్చేశా, అక్కడే కూలబడ్డా. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, సిగ్గేం లేదు.

మర్నాడు శుక్రవారం అదే చోట వినలేదు. తాడు ఉంది కాబట్టి సరిపోయింది. హార్నెస్ లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే వెన్ను జలదరిస్తోంది.

మేకలాయన రోజూ చూస్తున్నాడు. మొదట్లో దూరంగా తోలుకుపోయేవాడు. ఇప్పుడు అక్కడే కర్ర మీద ఆనుకుని నిలబడి, 'ఈ రోజు నోరు తెరిచే ఉంది' అని ఆయనే చెప్తున్నాడు.

మందకాపరి
తాడు విప్పొద్దు. నువ్వు ఎంత సంతోషంగా ఉన్నా విప్పొద్దు.

ఆదోని_పత్తిచేను
విప్పను అన్నా. బయట ఎప్పటికీ తాడే. పరుగు గోడ లోపల.

నల్గొండ_నాటుకోడి
మాదాన్ని గ్రౌండ్‌లో విప్పాను. నాలుగు చుట్లు కొట్టి వచ్చి నా కాళ్ళ మీద పడుకుంది. వీడియో తీయడం మరిచిపోయా.

ఆదోని_పత్తిచేను
డాక్టర్ గారూ, సోమవారం మెరుపుకు ఆపరేషన్. వేట కోసం కాదు, పిల్లలు వద్దని. ఏమైనా చెప్పాలా అక్కడ?

పశువుల_డాక్టర్
చెప్పాలి. 'ముధోల్ క్రాస్, ఒంట్లో కొవ్వు తక్కువ' అని నువ్వే ముందు చెప్పు. థయోపెంటోన్ మత్తుతో గ్రేహౌండ్లు చాలాసేపు లేవవని తేలింది, మన చూపు కుక్కల ఒళ్ళూ అదే తీరు కాబట్టి వేరే మత్తు అడుగు. ముందు బరువు తూచమను, అంచనా మీద మందు ఇవ్వనీయకు. పేలూ గోమార్లూ ఉంటే నెత్తురు పరీక్ష చేయించు, గోమారు జ్వరం ఉన్న కుక్కకు ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ముందు రోజు రాత్రి తొమ్మిది తర్వాత తిండి వద్దు, నీళ్ళు పెట్టొచ్చు. మీ అమ్మగారికి గట్టిగా చెప్పు, రాత్రి సంకటి పెట్టేస్తారేమో. మత్తులో ఒళ్ళు చల్లబడుతుంది, ఒక దుప్పటి పట్టుకుపో.

యార్క్‌షైర్_కోడలు
నాదీ ఒక మాట. లర్చర్లలో కోలీ రక్తం ఉన్నవాటికి కొన్నిటికి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పడదు, జన్యువు తేడా. బిజిలీకి పరీక్ష చేయిస్తే ఉందని తేలింది. మెరుపుకు కోలీ లేదు కాబట్టి ఆ భయం అంత ఉండదు. కానీ ఇక్కడ చదివేవాళ్ళలో కోలీ క్రాస్ ఉన్నవాళ్ళు గోమార్లకు ఆ ఇంజెక్షన్ వేయించే ముందు డాక్టర్‌కు చెప్పండి.

ఆదోని_పత్తిచేను
అన్నీ కాగితం మీద రాసుకున్నా. దుప్పటి అమ్మ ఇప్పుడే తీసి పెట్టింది, తన పెళ్ళినాటిది. సోమవారం సాయంత్రం ఇంటికి రాగానే రాస్తా.

కొల్లేటిగట్టు
సోమవారం మేం కూడా చూస్తూ ఉంటాం. జోనంగి సంగతి ఎవరికైనా తెలిస్తే మరిచిపోకండి.